ఫాక్లాండ్స్ 1982: ఫిరంగులు లేకపోతే పారాలు ఆ కొండలెక్కేవాళ్ళా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. పక్క థ్రెడ్ లో మన నేవీ పాత విమానవాహక నౌక విరాట్ గురించి మొదలెట్టి ఫాక్లాండ్స్ లోకి దిగబడిపోయాం కదా, నిర్వాహకుల వారు తాళం వెయ్యకముందే నేనే విడిగా తెరుస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం దక్షిణ అట్లాంటిక్ లో బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్లాండ్ దీవుల్ని ఆక్రమించింది, బ్రిటన్ దాదాపు 13,000 కిలోమీటర్ల దూరం నుంచి ఓడల్లో వచ్చి మే 21న శాన్ కార్లోస్ దగ్గర సైన్యాన్ని దించింది, జూన్ 14న దీవుల రాజధాని పోర్ట్ స్టాన్లీలో అర్జెంటీనా జనరల్ మెనెండెజ్ లొంగిపోయాడు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

నా గోల ఏంటంటే ఈ యుద్ధం గురించి ఏం చదివినా హారియర్ విమానాలు, ఎగ్జోసెట్ మిసైళ్ళు, మునిగిన బెల్గ్రానో ఓడ, లేకపోతే టంబుల్‌డౌన్ కొండ మీద బాయ్‌నెట్లు పెట్టి దూకడం, ఇవే కనిపిస్తాయి. ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం గురించి రెండు లైన్లు రాసి వదిలేస్తారు. కానీ తేదీలు వరసగా పెట్టుకుని చూస్తే నాకనిపించేది, నేల మీద జరిగిన యుద్ధానికి ముహూర్తాలు పెట్టింది గన్సే. ఎప్పుడు దాడి చెయ్యాలి అన్నది గన్స్ దగ్గర ఎన్ని షెల్స్ చేరాయి అన్నదాన్ని బట్టే నడిచింది. బ్రిటిష్ వాళ్ళ దగ్గర మొత్తం ఐదు బ్యాటరీలు, ఒక్కోదాంట్లో ఆరు, అంటే 30 లైట్ గన్స్, 105 ఎంఎం. అంతే. ఒప్పుకుంటారా లేదా చెప్పండి.

అనంతపురం_అబ్బి:
ఒప్పుకోను అన్నా. ఫిరంగి కొండను పట్టుకోలేదు, మనిషే పట్టుకోవాల. స్టాన్లీ దగ్గర మౌంట్ లాంగ్డన్ కొండ మీద 3 పారా, అంటే బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ మూడో బెటాలియన్ వాళ్ళు రాత్రంతా బండల మధ్య చేతికి చేయి కొట్టుకున్నారు, సార్జెంట్ ఇయన్ మెక్‌కే ఆడే చచ్చిపోయి బ్రిటిష్ వాళ్ళ అతి పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు. అంత సేపు షెల్స్ కురిపించినా లోపల ఉన్న అర్జెంటీనా వాళ్ళు చావలేదు కదా మరి? బండ సందుల్లో దూరి కూర్చున్నోడిని 105 ఏం చేస్తుంది? ఇంకోటి, గన్స్ లెక్క చూస్తే అర్జెంటీనా దగ్గరే ఎక్కువ ఉన్నాయి. 105 ప్యాక్ హవిట్జర్లు నలభై దాకా, వాటి మీద 155లు కూడా. గన్స్ తోనే గెలిచేటట్లయితే వాళ్ళు గెలవాల.

ఓరుగల్లు_పోరడు:
అబ్బి అన్న పాయింట్ మంచిగుంది. గన్నర్ సార్ ఉన్నడా, ఆయన వస్తే గని దీనికి జవాబు దొరకది 😀

గోల్కొండ_గన్నర్:
ఉన్నానయ్యా, ఇప్పుడే చూశా. నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ లో ట్రైనింగ్ అయినవాణ్ణి కాబట్టి మా వాళ్ళ పక్షమే మాట్లాడతా అనుకోవద్దు, అబ్బి చెప్పింది సగం కరెక్టే. గన్ కొండని పట్టుకోదు. పట్టుకోవడం దాని పనే కాదు.

బయటివాళ్ళు ఆర్టిలరీ అంటే ఎంతమందిని చంపింది అని లెక్కేస్తారు. మా లెక్క వేరు. అవతల మెషిన్ గన్ వాడు తల పైకెత్తకుండా ఉన్న టైమ్ ఎంత, ఆ టైమ్ లో మన ఇన్‌ఫెంట్రీ ఎన్ని గజాలు ముందుకి పాకింది, అదీ లెక్క. ఆఖరి షెల్ పడ్డాక అవతలోడు తేరుకుని ట్రిగ్గర్ మీద వేలు పెట్టే లోపు మనవాడు బండ దగ్గరకి చేరాలి. చేరితే ఇన్‌ఫెంట్రీ గెలిచిందంటారు, చేరకపోతే ఆర్టిలరీ ఏం చెయ్యలేదంటారు, మా బతుకు అంతే.

దీనికి ఈ యుద్ధంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. ఒకటే బెటాలియన్, 2 పారా, రెండు యుద్ధాలు చేసింది. మొదటిది గూస్ గ్రీన్, మే 28. రెండోది వైర్‌లెస్ రిడ్జ్, జూన్ 13 రాత్రి.

గూస్ గ్రీన్ లో వాళ్ళ వెనకున్నది మూడే మూడు లైట్ గన్స్, సగం బ్యాటరీ అన్నమాట, ముందు రోజు రాత్రి సీ కింగ్ హెలికాప్టర్లు క్యామిల్లా క్రీక్ దగ్గర దించి పోయాయి. షెల్స్ కూడా హెలికాప్టర్ ఎన్ని తెస్తే అన్నే. మోర్టార్లు నడుచుకుంటూ మోసుకెళ్ళాలి కాబట్టి 81 ఎంఎంవి రెండే పట్టుకెళ్ళారు, వాటికీ బాంబులు అయిపోయాయి. సముద్రం వైపు నుంచి హెచ్ఎంఎస్ యారో ఫ్రిగేట్ కాల్చాల్సింది, మధ్యలో దాని గన్ కి ఫాల్ట్ వచ్చి ఆగిపోయింది, బాగయ్యేసరికి తెల్లారే టైమైంది, తెల్లారితే విమానాలొస్తాయని ఓడ వెళ్ళిపోయింది. వాతావరణం బాగోలేక హారియర్లు సాయంత్రం దాకా రాలేదు. అంటే ప్లాన్ లో రాసుకున్న ఫైర్ సపోర్ట్ లో సగానికి పైగా టైమ్ కి లేదు. తెల్లారేసరికి 2 పారా చెట్టూ చేమా లేని మైదానంలో, అవతల ట్రెంచ్ ల్లో ఉన్నవాళ్ళ ఎదురుగా పడుకుని ఉంది. కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ జోన్స్ తనే ఒక ట్రెంచ్ మీదకి పోయి చనిపోయాడు.

ఇక వైర్‌లెస్ రిడ్జ్. అదే బెటాలియన్, కొత్త సీఓ చాండ్లర్, ఇంగ్లండ్ నుంచి విమానంలో వచ్చి సముద్రంలోకి పారాచూట్ తో దూకి చేరాడు ఆయన. ఫైర్ సపోర్ట్ సరిగ్గా లేకుండా ఇంకోసారి నా వాళ్ళని దించను అని పట్టుబట్టాడంటారు. ఈసారి రెండు బ్యాటరీలు పూర్తిగా, అంటే 12 గన్స్, 2 పారా 3 పారా రెండిటి మోర్టార్లు, హెచ్ఎంఎస్ ఆంబుస్కేడ్ ఓడ గన్, స్కార్పియన్ సిమిటార్ చిన్న ట్యాంకులు నాలుగు. ముందు కాల్చడం, తర్వాత కదలడం. మొదటి టార్గెట్ దగ్గరికి వీళ్ళు చేరేసరికి అవతలివాళ్ళు చాలామంది అప్పటికే వదిలి పోతున్నారు. 2 పారా లో చనిపోయింది ముగ్గురు. గూస్ గ్రీన్ లో బ్రిటిష్ వాళ్ళు పదిహేడు పద్దెనిమిది మంది.

మనుషులు అవే, ధైర్యం అదే. ఏం మారిందో మీరే చూడండి.

అనంతపురం_అబ్బి:
సార్, పోలిక బాగుంది గానీ ఒక మెలిక ఉంది. గూస్ గ్రీన్ అప్పటికి అర్జెంటీనా వాళ్ళకి ఇంకా నమ్మకం ఉండె, జూన్ 13కి చలికి తిండికి చచ్చి సగమైపోయినారు. మూడు రోజుల ముందు లాంగ్డన్, టూ సిస్టర్స్, హ్యారియెట్ కొండలు మూడూ పోయినాయి. అంతా గన్స్ ఖాతాలో ఎట్ల వేస్తారు?

గోల్కొండ_గన్నర్:
మూడు రోజులు కాదు నాయనా, రెండు రోజులు, 11-12 రాత్రి అవి పోయాయి. మిగతాది ఒప్పుకుంటా, అలసిపోయి ఉన్నారు. కానీ వాళ్ళని అలా అలవగొట్టింది ఏంటి? మే 1 నుంచి రాత్రుళ్ళు ఓడలొచ్చి స్టాన్లీ చుట్టూ కాల్చి పోతూనే ఉన్నాయి. నిద్ర లేదు. అది కూడా ఫైర్ సపోర్టే, దానికి మా పుస్తకాల్లో వేరే పేరుంది, హెరాసింగ్ ఫైర్ అంటాం.

సాగరిక_వైజాగ్:
ఓడల మాట ఎత్తారు కాబట్టి నేను దూరుతున్నా 🙋‍♀️ ఈ థ్రెడ్ లో నేవీని అప్పుడే ఒక లైన్ లో తేల్చేస్తారేమో అని భయపడ్డా.

దీవి యుద్ధంలో మొదటి ఫిరంగి ఎప్పుడూ ఓడదే అండి, నేల మీద గన్ దించడానికి ముందు నేల కావాలి కదా. ఫాక్లాండ్స్ కి ముందే, అర్జెంటీనా పట్టుకున్న ఇంకో దీవి సౌత్ జార్జియాలో చూడండి, ఏప్రిల్ 25న. ఆంట్రిమ్, ప్లిమత్ రెండు ఓడలు గ్రిట్‌వికెన్ చుట్టుపక్కల 235 రౌండ్లు కాల్చాయి, కావాలనే మనుషులున్న చోట కాకుండా పక్కన, నడిపించుకుంటూ దగ్గరికి తెచ్చారు. దిగిన సైనికులు వందమంది కూడా లేరు. అర్జెంటీనా దండు తెల్లజెండా ఎత్తేసింది. షెల్ ఎవరి మీదా పడక్కర్లేదు, ఇంకో రెండొందల గజాలు ఇటు జరిగితే మన మీదే అని అర్థమైతే చాలు.

ఆ కాల్పుల్ని సరిదిద్దింది 148 బ్యాటరీ అబ్జర్వర్లు. ఐదేసి మంది చిన్న టీములు, ఓడలోంచి కాదు, నేల మీద ఎక్కడో రాళ్ళ మధ్య తడిసి ముద్దయి పడుకుని రేడియోలో ఓడకి చెప్తుంటారు, కుడికి ఇంత, దూరం అంత అని. ఆ బ్యాటరీకి మెయిక్టీలా అని బిరుదు ఉంది, 1945లో బర్మాలో మన ఇండియన్ ఆర్మీ డివిజన్లు కొట్టిన యుద్ధం పేరు అది. పెబుల్ ఐలాండ్ మీద మే 14 రాత్రి ఎస్ఏఎస్ అనే బ్రిటిష్ ప్రత్యేక దళం వాళ్ళు 11 విమానాలు పాడుచేశారు కదా, అక్కడా ఈ బ్యాటరీ కెప్టెన్ ఒకాయన గ్లామోర్గన్ ఓడ గన్ ని నడిపించాడు. సినిమాలో అయితే ఎస్ఏఎస్ వాళ్ళనే చూపిస్తారు, ఆయన్ని చూపించరు.

ఓడ గన్ 4.5 అంగుళాలది, కొత్త రకం మార్క్ 8 అయితే నిమిషానికి పాతిక రౌండ్లు, 22 కిలోమీటర్ల దూరం. ఒక్క ఫ్రిగేట్ ఒక బ్యాటరీ పని చేసేస్తుంది. పైగా షెల్స్ ఎవరూ మొయ్యక్కర్లేదు, ఓడ కడుపులోనే ఉంటాయి. యుద్ధం మొత్తం మీద దాదాపు 8,000 రౌండ్లు కాల్చారు.

ఓరుగల్లు_పోరడు:
అక్కా మరి గంత మంచిగుంటే 30 గన్స్ ఎందుకు మోసుకొచ్చుడు, ఓడలతోనే కానియ్యక?

సాగరిక_వైజాగ్:
రాత్రి మాత్రమే ఉంటుంది తమ్ముడూ అది. పగలు తీరానికి దగ్గరగా నిలబడితే స్కైహాక్, డాగర్ విమానాలొస్తాయి. మే 1న మొదటిసారి పగటి పూట గ్లామోర్గన్, అలాక్రిటీ, యారో స్టాన్లీ ఎయిర్‌ఫీల్డ్ మీద కాల్చడానికి వెళ్తే డాగర్లు వచ్చి బాంబులేసి పోయాయి. ఆ తర్వాత చీకటి పడ్డాక రావడం, తెల్లారే లోపు పోవడం. ఇన్‌ఫెంట్రీ వాడికి తెల్లారాక కూడా యుద్ధం ఉంటుంది కదా, గూస్ గ్రీన్ లో గన్నర్ గారు చెప్పింది అదే.

డల్లాస్_బాబాయ్:
కాస్త ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ మాకు తెల్లారింది ఇప్పుడే. ఓడ గన్స్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో పసిఫిక్ లో అమెరికా వాళ్ళు డబ్బు కట్టి నేర్చుకున్నారు. 1943 నవంబర్ 20, తరావా, బెతియో అనే చిన్న దీవి. మూడు గంటలు బ్యాటిల్‌షిప్‌లు కాల్చిపారేశాయి, దుమ్ము పొగ తప్ప ఏం కనపడలేదు, అందరూ లోపల ఎవడూ మిగలడు అనుకున్నారు. ఓడ గన్ దగ్గర్నుంచి కాలిస్తే షెల్ దాదాపు అడ్డంగా వస్తుంది, కొబ్బరి దుంగలు ఇసుక కప్పిన బంకర్ మీద తగిలి జారిపోతుంది. పైగా కాల్పులు ఆపిన టైమ్ కీ పడవలు ఒడ్డుకి చేరిన టైమ్ కీ మధ్య ఖాళీ వచ్చింది, జపాన్ వాళ్ళు ఆ ఖాళీలో మళ్ళీ గన్స్ దగ్గరికి చేరారు. 76 గంటల్లో వెయ్యి మంది మెరీన్లు పోయారు.

తర్వాత హవాయిలో కహోలావే దీవి మీద అలాంటి బంకర్లు కట్టి ఓడల వాళ్ళకి ప్రాక్టీస్ పెట్టారు, నిదానంగా, గురి చూసి, పైనుంచి పడేలా. 1944 జనవరి 31న క్వాజలైన్ లో ఇంకో పని చేశారు, అసలు దీవి మీద దిగడానికి ముందు రోజే పక్కనున్న చిన్న దీవి మీద ఫీల్డ్ గన్స్ దించేశారు. పొద్దున దాడి టైమ్ కి నేల గన్స్ సిద్ధం. నాకైతే దీవి యుద్ధాలన్నిటిలో అంతకన్నా తెలివైన పని కనపడలేదు. మళ్ళీ ఇవో జిమా దగ్గర మెరీన్లు పది రోజుల బాంబార్డ్‌మెంట్ అడిగితే నేవీ మూడు రోజులు ఇచ్చింది, దాని మీద ఇప్పటికీ ఇక్కడ వెటరన్ల ముందు నోరెత్తలేం.

వేదిక_నిర్వాహకుడు:
బాబాయ్ గారూ ఇవో జిమాకి వేరే థ్రెడ్ పెట్టుకోండి, ఇది ఇప్పటికే చాంతాడంత అయింది. ఫాక్లాండ్స్ మీదే ఉండండి ప్లీజ్.

కృష్ణాతీరం:
సరే నేను మొదట చెప్పిన ముహూర్తాల సంగతి, లెక్క వేసి పెడుతున్నా.

చివరి కొండల మీద దాడికి ముందు ఒక్కో గన్ దగ్గర దాదాపు 500 రౌండ్లు పేర్చాలి అన్నది ప్లాన్. 30 గన్స్ అంటే 15,000 రౌండ్లు. 105 షెల్ ఒక్కటే 16 కిలోలు. ఉత్త షెల్స్ బరువే 240 టన్నులు, దానికి కార్ట్రిడ్జ్, ఫ్యూజ్, పెట్టె కలిపితే ఇంకా చాలా. శాన్ కార్లోస్ నుంచి స్టాన్లీ దాకా తూర్పు దీవి అడ్డంగా దాటాలి, 80 కిలోమీటర్లు అనుకోండి, రోడ్డు లేదు, అంతా బురద నేల. లారీ దిగితే ఇరుసు దాకా మునుగుతుంది. అంటే చాలా వరకు గాలిలోనే రావాలి. సీ కింగ్ కింద వల కట్టి వేలాడదీస్తే రెండు రెండున్నర టన్నులు మోస్తుంది.

ఇప్పుడు మే 25న ఏం జరిగిందో చూడండి. అట్లాంటిక్ కన్వేయర్ అనే కంటైనర్ ఓడకి ఎగ్జోసెట్ తగిలింది. కెప్టెన్ నార్త్ తో కలిపి 12 మంది పోయారు. దానితో పాటు మూడు చినూక్, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు కాలిపోయాయి. గాల్లో ఉన్న ఒక్క చినూక్, బ్రావో నవంబర్ అని పేరు పడింది, అదొక్కటే మిగిలింది. చాలామంది దీన్ని హెలికాప్టర్ల నష్టం అంటారు, నేను దీన్ని ఆర్టిలరీ నష్టం అంటా. ఆ చినూక్ లు ఉంటే షెల్స్ ఎన్ని రోజులు ముందు చేరేవి? పారాలు, కమాండోలు దీవి అడ్డంగా నడుచుకుంటూ పోయారు అంటే కారణం హెలికాప్టర్లు లేక, ఉన్నవి గన్స్ కీ షెల్స్ కీ ఎక్కువ అవసరం అయ్యి.

ఆ బ్రావో నవంబర్ మే 30 రాత్రి మౌంట్ కెంట్ మీదకి గన్స్ మోసుకెళ్ళి దించి తిరిగొస్తూ మంచు తుఫానులో ఎత్తు తెలియక నీళ్ళని తాకింది, మళ్ళీ లేచి ఇంటికి చేరింది. అదీ పోయి ఉంటే ఇంక చెప్పేదేముంది.

ఓరుగల్లు_పోరడు:
గిది నిజంగా తెల్వదు నాకు. కాళ్ళు పుండ్లు వడ్తే వడ్డయి గని షెల్లు మాత్రం హెలికాప్టర్ల పోయినయన్నమాట.

నాదొక డౌట్, బురద నేల అంటున్నరు కద, షెల్ పడ్తే పేలుతదా, బురదల దిగబడి ఊకుంటదా?

గోల్కొండ_గన్నర్:
మంచి ప్రశ్న అడిగావు. అక్కడ నేల పీట్, అంటే వేల ఏళ్ళుగా కుళ్ళి పేరుకున్న గడ్డి, నీళ్ళు పీల్చుకుని స్పంజిలా ఉంటుంది. మామూలు ఫ్యూజ్ (షెల్ ని పేల్చే మొన) తో కాలిస్తే షెల్ లోపలికి దిగాక పేలుతుంది, శబ్దం బ్రహ్మాండం, మట్టి లేస్తుంది, ముక్కలు మాత్రం బురద మింగేస్తుంది. గూస్ గ్రీన్ లో షెల్ పక్కనే పడ్డా బతికినవాళ్ళు రెండు వైపులా ఉన్నారంటే దాని పుణ్యమే. దీనికి విరుగుడు గాల్లోనే పేలే ఫ్యూజ్, టార్గెట్ కి కొంచెం పైన పేలి ముక్కలు కిందికి కొట్టేలా. లాంగ్డన్, టంబుల్‌డౌన్ లాంటి రాతి కొండల మీద ఇంకో కథ, షెల్ ముక్కలతో పాటు రాయి ముక్కలు కూడా ఎగురుతాయి, అక్కడ దెబ్బ రెట్టింపు.

గన్ కి కూడా అదే బాధ. కాల్చినప్పుడు గన్ వెనక్కి తంతుంది, నేల గట్టిగా ఉంటే వెనక నేలలో దిగే పార లాంటి స్పేడ్ ఆపుతుంది. పీట్ లో ప్రతి రౌండ్ కీ గన్ కాస్త కాస్త వెనక్కి జారడం, దిగబడటం, కుర్రాళ్ళు దాన్ని మళ్ళీ లాగి లైన్ లో పెట్టడం. రాత్రి, వాన, గడ్డకట్టే చలి. ఎక్కువ దూరానికి సూపర్ చార్జ్, అంటే ఎక్కువ మందు వేస్తే తన్ను ఇంకా ఎక్కువ. మోర్టార్ల బేస్ ప్లేట్లు అయితే నిలువునా మునిగిపోయేవి. నేను రాజస్థాన్ ఇసుకలో గన్ లాగి చూశా, ఆ తడి బురదలో ఆ కుర్రాళ్ళు ఎలా లాగారో వాళ్ళకే తెలియాలి.

ఇక అబ్బి మొదట్లో అడిగిన దానికి జవాబు బాకీ ఉంది, అర్జెంటీనా దగ్గర ఎక్కువ గన్స్ ఉండి ఏం చేశారు అని. వాళ్ళ గన్నర్లు చేతకానివాళ్ళు కాదు, అది ముందు చెప్పాలి, ఆఖరి రోజు దాకా కాల్చారు, బ్రిటిష్ వాళ్ళే మెచ్చుకున్నారు. లాంగ్డన్ పోయాక వాళ్ళు దాని మీదే షెల్స్ వేసి 3 పారా వాళ్ళని పట్టుకున్న కొండ మీదే చంపారు. కొండ పట్టుకోగానే పని అయిపోదు, అది అవతలోడికి పాత ఇల్లు, ఏ బండ ఎక్కడుందో కొలతలతో సహా వాడి కమాండ్ పోస్ట్ లో రాసి ఉంటుంది.

కానీ వాళ్ళ ప్యాక్ హవిట్జర్ రేంజ్ పది కిలోమీటర్ల పైన కొంచెం. ఇటలీ ఓటో మెలారా తయారీ, ముక్కలుగా విడగొట్టి కంచర గాడిదల మీద మోయడానికి చేసిన గన్, మన దగ్గర కొండలకి 75/24 అని ఉండేది కదా, ఆ జాతి. బ్రిటిష్ లైట్ గన్ 17 కిలోమీటర్లు. ఈ ఏడు కిలోమీటర్ల తేడాలో యుద్ధం ఉంది. బ్రిటిష్ గన్ తనకి దెబ్బ తగలని చోట కూర్చుని వాళ్ళ గన్ మీద కాల్చగలదు, వాళ్ళది తిరిగి అందుకోలేదు. అందుకోగలిగింది 155 ఒక్కటే, 20 కిలోమీటర్లు, వాటిని రాత్రుళ్ళు హెర్క్యులిస్ విమానాల్లో స్టాన్లీకి తెచ్చారు, కానీ అవి మూడో నాలుగో.

రెండోది కళ్ళు. మౌంట్ కెంట్, ఛాలెంజర్ లాంటి ఎత్తులు ముందే బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చాయి. అక్కడ కూర్చున్న ఓపీ, అంటే గన్స్ కి గురి చెప్పే అబ్జర్వేషన్ పోస్ట్ కి స్టాన్లీ దాకా కనపడుతుంది, గన్ మెరుపు కనపడుతుంది. అర్జెంటీనా గన్స్ స్టాన్లీ ఊరి పక్కన ఇరుకులో ఉన్నాయి, జరగడానికి చోటు లేదు. వాళ్ళ అబ్జర్వర్లు కొండలతో పాటే పోయారు. కళ్ళు పోయాక గన్ ఎన్ని ఉంటే ఏం, ముందే రాసుకున్న చోట్ల మీద గుడ్డిగా వెయ్యడమే.

అనంతపురం_అబ్బి:
రేంజ్ సంగతి బాగా చెప్పినారు సార్, అది ఒప్పుకుంటా. కానీ మౌంట్ కెంట్ ఎత్తు చేతికొచ్చింది ఎట్లా? ఎస్ఏఎస్ వాళ్ళు, కమాండోలు పోయి కూర్చుంటేనే కదా, గన్స్ పోయి కూర్చోలేదే! మౌంట్ హ్యారియెట్ చూడండి, 42 కమాండో (రాయల్ మెరీన్ల బెటాలియన్) వాళ్ళు మందుపాతరల మధ్యలో దారి వెతుక్కుని కొండ వెనక్కి పోయి వెనకనుంచి ఎక్కినారు. ఇద్దరే చచ్చిపోయింది. అది తెలివి, షెల్ కాదు.

కృష్ణాతీరం:
అబ్బీ, ఆ హ్యారియెట్ మీద వెనక్కి చేరే దాకా అవతలోడి చూపు ముందు వైపు కట్టిపడేసింది ఎవరు? ముందు నుంచి చప్పుడు చేస్తూ ఒక దొంగదాడి, పైన గన్స్, పక్కన యార్మత్ ఓడ. వాడు ముందు నుంచే వస్తున్నారనుకున్నాడు కాబట్టే వెనక ఖాళీ దొరికింది.

అనంతపురం_అబ్బి:
మీరంతా ఒక గుంపు 😂 సరేలే.

సాగరిక_వైజాగ్:
గన్స్ ని పొగుడుతున్నారు కాబట్టి ఇది కూడా చెప్పుకోవాలి. ఆ జూన్ 11-12 రాత్రే స్టాన్లీ ఊళ్ళో ఒక ఇంటి మీద బ్రిటిష్ ఓడ షెల్ పడి ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. యుద్ధం మొత్తంలో చనిపోయిన దీవి జనం ఆ ముగ్గురే, ఎవరిని విడిపించడానికి వచ్చారో వాళ్ళ షెల్ తోనే పోయారు. ఊరి అంచుకి ఆనించి గన్స్ పెట్టింది అర్జెంటీనా వాళ్ళు, నిజమే. కానీ షెల్ కి అంచు తెలీదు.

అదే రాత్రి తెల్లవారుజామున గ్లామోర్గన్ సంగతి. టూ సిస్టర్స్ మీద 45 కమాండో ఎక్కుతుంటే వెనకనుంచి కాలుస్తోంది. వాళ్ళకి ఇంకా అవసరం ఉందని అక్కడే ఉండిపోయిందట, కాల్పులు ముగిశాక తెల్లారే లోపు బయటపడాలని దగ్గర దారి పట్టింది. అర్జెంటీనా నేవీ ఇంజనీర్లు ఒక డిస్ట్రాయర్ మీద నుంచి ఎగ్జోసెట్ ఊడదీసి ట్రైలర్ మీద బిగించి విమానంలో స్టాన్లీకి పట్టుకొచ్చి ఉన్నారు, మామూలుగా ఓడ మీద ఉండాల్సిన మిసైల్ ని ఒడ్డున రోడ్డు మీద పెట్టారు. వచ్చేది చూసి ఓడని గిరుక్కున తిప్పారు కాబట్టి పక్కగా తగలకుండా డెక్ మీద జారి హ్యాంగర్ దగ్గర తగిలింది. 14 మంది పోయారు. మంటలార్పుకుని ఓడ బతికింది. ఇది చదివినప్పుడల్లా నాకు అనిపించేది, కొండ మీద ఉన్న కమాండోకి ఆ ఓడ ఎవరో కూడా తెలీదు, ఇంకో పది నిమిషాలు ఉండవా అని రేడియోలో అడిగితే ఉంది.

ఓరుగల్లు_పోరడు:
అక్కా గిది చదివి కొద్దిసేపు ఏం టైప్ చెయ్యబుద్ధి కాలే.

ఆఖరి రోజు గురించి ఎవ్వరు చెప్తలేరు, జూన్ 14 పొద్దున ఏమైంది మరి? షెల్లు అయిపోయినయ్ అంటరు గద బ్రిటిష్ వాళ్ళయి?

గోల్కొండ_గన్నర్:
అయిపోవచ్చాయి. ఆఖరి రాత్రి టంబుల్‌డౌన్ మీద స్కాట్స్ గార్డ్స్, వైర్‌లెస్ రిడ్జ్ మీద 2 పారా, రెండిటికీ ఐదు బ్యాటరీలూ ఆగకుండా కాల్చాయి, ఆఖరి 12 గంటల్లో 3,000 రౌండ్లు అని లెక్క చెప్తారు. అసలు టంబుల్‌డౌన్ దాడి ఒక రోజు ముందే చెయ్యాల్సింది, 24 గంటలు వాయిదా వేశారు, 5 బ్రిగేడ్ వాళ్ళు పగటి వెలుగులో నేల చూసుకోవాలి, గన్స్ దగ్గర షెల్స్ నింపుకోవాలి. కృష్ణాతీరం గారు చెప్పిన ముహూర్తం అదే. 13వ తేదీనే హారియర్ లేజర్ బాంబు కూడా వేశారు, కింద నేల మీద మనిషి లేజర్ చూపిస్తుంటే పైనుంచి వచ్చి దానిమీదే పడింది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

పొద్దున కొండల మీద నుంచి అర్జెంటీనా సైనికులు స్టాన్లీ వైపు గుంపులు గుంపులుగా పోతుంటే ఓపీలకి కనపడుతోంది. గన్నర్ కి అంతకన్నా పెద్ద టార్గెట్ జన్మలో దొరకదు. కాల్చారు కొంతసేపు, తర్వాత ఆపించేశారు. కొన్ని గన్స్ దగ్గర అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని రౌండ్లే ఉన్నాయి. అవతల వాళ్ళు ఇంకో రెండు రోజులు ఊళ్ళో కూర్చుని ఉంటే బ్రిటిష్ వాళ్ళు షెల్స్ కోసం మళ్ళీ హెలికాప్టర్లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. ఆ సంగతి మెనెండెజ్ కి తెలిసుంటే ఏం చేసేవాడో.

అనంతపురం_అబ్బి:
ఇది మాత్రం నాకు తెలీదు సార్. అంటే రెండు పక్కలా అంచు మీదే ఉండినారు.

అయినా నా మాట నాదే, హెలికాప్టర్ గెలిపించింది అనండి ఒప్పుకుంటా, గన్ అంటే ఒప్పుకోను 😄

డల్లాస్_బాబాయ్:
హెలికాప్టర్ లో ఏముందిరా నాయనా, షెల్సేగా!

సాగరిక_వైజాగ్:
😂😂 బాబాయ్ గారు సిక్స్ కొట్టారు.

ఓరుగల్లు_పోరడు:
విరాట్ ముచ్చట తోని మొదలైంది కద గిది, ఆ ఓడ అప్పుడు హెర్మీస్ పేరు మీద ఈ యుద్ధంలనే ఫ్లాగ్‌షిప్ గద? వైజాగ్ ల మ్యూజియం పెడ్తమన్నరు, ఏమైంది అక్కా?

సాగరిక_వైజాగ్:
అవును, బ్రిటిష్ ఓడల దండుని నడిపిన అడ్మిరల్ వుడ్‌వర్డ్ కూర్చుంది దాంట్లోనే. 1987లో మన నేవీలో చేరి 2017లో రిటైర్ అయింది. బీచ్ రోడ్ లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన ఇది కూడా వస్తుందని మేమంతా తెగ సంబరపడ్డాం, ఖర్చు దగ్గర ఆగిపోయింది, చివరికి గుజరాత్ లో అలంగ్ పంపి కోసేశారు. దాని మీద ఆ పాత థ్రెడ్ లోనే ఏడ్చుకున్నాం, మళ్ళీ ఇక్కడ ఎందుకులే.

కృష్ణాతీరం:
గన్నర్ గారూ, లేజర్ బాంబు సంగతి ఇంకో రోజు అన్నారు, మర్చిపోవద్దు. బాబాయ్ గారు క్వాజలైన్ లో పక్క దీవి మీద గన్స్ దించారన్నది విడిగా పోస్ట్ చెయ్యండి, ఎన్ని గన్స్, ఎలా దించారు, పగడపు నేల మీద స్పేడ్ ఎలా దిగింది, అదంతా కావాలి.

డల్లాస్_బాబాయ్:
వీకెండ్ కి రాస్తా. 105లని ఉభయచర ట్రక్కుల్లోనే పెట్టి ఒడ్డెక్కించారు, అక్కడ మొదలెడతా.